ఇరువది సెకండ్ల భగీరథులు

శార్వరి యనగా రాత్రి. 2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన, వికారి యను పాత సంవత్సరము తన పేరు సార్థకము చేసికొని వెడలిపోవుటయు, శార్వరి నామ సంవత్సరము వచ్చి గడపలో నిలుచుటయు, కరోనా మహమ్మారికి వెఱచి దేశమందలి తలుపులన్నియు మూతపడుటయు ఒక్క దినముననే సంభవించినవి. పంచాంగము చదువు పురోహితుడు గుడికి పోరాదు. వినువారు ఇల్లు కదలరాదు. అందుచేత ఆ యేడు ఎవరి ఆదాయమెంతయో, ఎవరి వ్యయమెంతయో, ఎవరికి రాజపూజ్యమో, ఎవరికి అవమానమో తెలియక, ద్వాదశ రాశుల వారమును సమానులమై, వేపపువ్వు పచ్చడి నాకుచు ఇండ్లలో కూర్చుంటిమి.

ఏలినవారు ప్రజలకు చేసిన యుపదేశములు రెండు. ఒకటి, ఇల్లు కదలవద్దు. రెండు, ఇరువది సెకండ్లపాటు సబ్బుతో చేతులు కడుగుకొనుడు. మొదటి యుపదేశము తక్కిన దేశమున కెంత దుర్భరమయ్యెనో నేనెఱుంగను గాని, అనంతపురమువారికి మాత్రము అది చేపకు ఈత నేర్పుటవంటిది. వైశాఖము వచ్చినదన్నచో మా యూర పగలు పదునొకండు గంటలు మొదలు సాయంకాలము అయిదింటిదాక కర్ఫ్యూ విధించువాడు సూర్యభగవానుడు. ఆయన లాఠీకి లంచము లేదు, ఆయన తీర్పుమీద అప్పీలు లేదు. ఆ వేళ టవరు క్లాకు దగ్గర నిలిచి నలుదిక్కులు పరికించినచో, గత్యంతరము లేని రిక్షావాడును, గత్యంతరము తెలియని కొత్త అల్లుడును తప్ప వేరొక ప్రాణి కానరాదు. కావున విజయవాడలోని మా బంధువొకడు ఫోను చేసి, ఇంట బందీలైయున్న మీకు పొద్దెట్లు పోవుచున్నదని జాలిపడగా, డెబ్బదియెనిమిదేండ్ల మా అమ్మ ఫోను తన చేతికి తీసికొని, "ఏం లేదప్పా, ఈ యేడు ఎండాకాలం నెల ముందు పెట్టినారు, అంతే" అని సమాధానము చెప్పెను.

రెండవ యుపదేశమే మా కొంప ముంచినది. ముంచుటకు కూడ నీరు కావలయును గనుక, ముంచినదను మాట మా జిల్లాలో అలంకారముగా గ్రహింపవలయును. నైరుతి ఋతుపవనము పడమటి కనుమల నెక్కి, తాను మోసికొని వచ్చిన మూటను ఆవలి వాలుననే విప్పి, వట్టి చేతులతో మా నెత్తిమీదుగా సాగిపోవును. ఈశాన్య ఋతుపవనము కోస్తాలోని చుట్టముల యిండ్ల విందులారగించి, మా గడప చేరునప్పటికి దానియొద్ద త్రేన్పు తప్ప మరేమియు మిగిలియుండదు. ఈ ఇరువురి నడుమ ఏడాది పొడుగున మాకు దక్కునది సుమారు 550 మిల్లీమీటర్లు. వాన తక్కువలో రాజస్థానపు జైసల్మేరు తరువాతి స్థానము మాదేయని చెప్పుకొనుట మా వాడుక. మొదటి స్థానము చేజారినందుకు మాలో కొందరికి చింత కూడ కలదు.

మా వీథికి కొళాయి మూడుదినముల కొకమారు వచ్చెడిది. వచ్చుటయనిన పట్టపగలు మర్యాదగా వచ్చుట కాదు. తెల్లవారుజామున నాలుగు గంటలకు, ముందు బుస్సుమని గాలిని వదలి, పిమ్మట తుప్పురంగు నీటిని కక్కి, ఆపై మనస్సు కుదిరినచో స్వచ్ఛమైన ధారను ప్రసాదించెడిది. ఆ బుస్సుమను చప్పుడు మా యింట ఒక్కరికే వినబడెడిది. ఆమె నా భార్య. మిద్దెమీది ట్యాంకు, స్నానపుగదిలోని సిమెంటు తొట్టి, వంటింటి స్టీలు బిందెలు, దేవుని మూలనున్న ఇత్తడి చెంబు, అన్నియు నిండిన పిదప మేము కండ్లు నులుముకొనుచు లేచి, "కొళాయి వచ్చిందా?" అని యడుగు ఆచారము ఇరువదేండ్లుగా నిర్విఘ్నముగా సాగుచున్నది.

నేను తెలుగు పండితుడను. పాఠశాల మూతపడగా, ఛందస్సు చెప్పించుకొను దిక్కులేక ఇంట కూర్చున్నవాడను. పనిలేని మగవాని కింట మొట్టమొదట తోచు పని అధికారము. నాటి వార్తలలో అధ్యక్షులు, నోడలు అధికారులు, ప్రత్యేక పర్యవేక్షకులు తండోపతండములుగా పుట్టుచుండుట చూచి, నేనును మా యింటి పరిశుభ్రతా సంఘమునకు అధ్యక్షుడనని ప్రకటించుకొంటిని. సభ్యులు అయిదుగురు: మా అమ్మ, నా భార్య, పదవతరగతి పరీక్షలకు కూర్చొనవలసిన కుమారుడు, ఏడవతరగతి కుమార్తె, తాళములు పడుటకు ముందురాత్రి బెంగుళూరునుండి ల్యాపుటాపుతో వచ్చి దిగిన తమ్ముడు. సంఘపు మొదటి తీర్మానము, ప్రతివారును దినమునకు పదిమారులు చేతులు కడుగవలయునని. రెండవది, కడుగునప్పుడు ఇరువది సెకండ్ల గణన తప్పకుండుటకై, ప్రపంచమంతట వైద్యులు చెప్పుచున్న రీతిగా, ఆంగ్లభాషలోని జన్మదిన గీతమును రెండుమారులు పాడవలయునని.

తీర్మానము అమలుజరిగిన రెండవనాటి సాయంకాలము, వసారాలో జపమాల త్రిప్పుచున్న మా అమ్మ నన్ను పిలిచి, "ఏమిరా నాయనా, పొద్దున్నుంచి ఒగరి తర్వాత ఒగరు పుట్టినదినం పాట పాడుతాండారు. ఎవురిదిరా పుట్టినదినం? పాయసమన్నా చేయకపోతిరి!" అని నిలదీసెను. అది రోగనివారణార్థమని నేను సవిస్తరముగా విన్నవింపగా, ఆమె సాంతము విని, "చావు రాకుండా పుట్టినదినం పాట పాడేదా! బలే కనిపెట్టినారులే" యని మరల జపములో పడెను. మా అమ్మ పరిహసించెనో, ప్రశంసించెనో నేటికిని నాకు తేటపడలేదు.

మూడవనాడు ట్యాంకు ఎండిపోయెను.

విచారణ సంఘము వేయబడెను. తమ్ముడు ల్యాపుటాపు తెరచి గడులు గీసి లెక్కకట్టెను. మా కొళాయి నిమిషమునకు ఆరు లీటర్లు విడుచును. అనగా ఇరువది సెకండ్లకు రెండు లీటర్లు. ఆరుగురు, పదేసిమారులు, వెరసి దినమునకు నూట ఇరువది లీటర్లు, పదునైదు లీటర్ల బిందెలు ఎనిమిది. మూడుదినములకు ఇరువదినాలుగు బిందెలు. మా యింట ఒక్క విడతకు చేరు నీరంతయు కలిపి అయిదువందల లీటర్లు మించదు. చేతులకు మూడువందల అరువది పోగా మిగులు నూట నలువది లీటర్లలో ఆరుగురము మూడుదినములు త్రాగవలయును, వండవలయును, స్నానమాడవలయును, బట్టలు పిండుకొనవలయును, అంట్లు తోమవలయును. తలకు దినమునకు ఎనిమిది లీటర్లు కూడ పడదు. చేతులొక్కటే ధవళకాంతులతో మెఱయుచు, తక్కిన శరీరము దుర్గంధభూయిష్ఠమైయుండు ఒక నూతన మానవజాతి మా యింట అవతరింపబోవుచున్నదని తమ్ముని లెక్క తేల్చెను. ఆకాశమునుండి గంగను దింపిన భగీరథుని పురాణములు పొగడినవి గాని, దింపిన గంగను ఇరువది సెకండ్లలో తూమున వదలిన మావంటివారిని గూర్చి అవి యేమియు చెప్పలేదు.

నా భార్యకు నాతో నేరుగా మాటలాడదలచుకొననప్పుడు కుమారునిద్వారా మాటలాడు అలవాటు కలదు. ఆమె వంటింటి గడపలో నిలిచి, "ఒరేయ్, మీ నాయనకు చెప్పు. ఆ ఇరవై సెకండ్లు సబ్బుకు. నీళ్ళకు కాదు" అనెను.

నేను నివ్వెరపోతిని. పత్రికలలోని వైద్యుల వ్యాసములన్నింటిని కత్తిరించి దాచుకొన్న నాకు తట్టని పరమార్థము, వాటిలో ఒక్కటియు చదువుటకు తీరిక చిక్కని ఆమెకు తట్టినది. నిజమే. ఆ సూక్ష్మజీవికి పైతొడుగు క్రొవ్వుతో చేసినది. సబ్బు ఆ క్రొవ్వును విడగొట్టును. విడగొట్టుటకు కొంత వ్యవధి కావలయును గనుక ఇరువది సెకండ్లు రుద్దుమనిరి. రుద్దునంతసేపు కొళాయి పారుచుండవలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు. చెప్పినట్లు తలచినది, ఏనాడును బిందె మోయని నా బుద్ధి.

ఆనాటితో నా యధ్యక్షపదవి ఊడినది. కొత్త శాసనము మూడు ప్రకరణములు. చేతులు కడుగు చోట ఒక చెంబు, ఒక బేసిను ఉండును, కొళాయి త్రిప్పరాదు. చెంబులోని అర లీటరులో కొంత చేయి తడుపుటకు, రుద్దిన పిదప తక్కినది కడుగుటకు. బేసినులో పడిన నీరు తూమున పోయరాదు. పెరటిలోని కరివేపచెట్టుకు పోయవలయును. ఆ బేసిను నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది: అంచున ఒకచోట పగిలి, పగులునకు తారు పూయబడి, అడుగున మా కుమార్తె నామకరణమునాడు చదివింపులిచ్చినవారి పేరు సగము చెరిగిన అక్షరములతో మిగిలియున్న నీలిరంగు ప్లాస్టికు బేసిను. మధ్యాహ్నమునకు అందులో బూడిదరంగు సబ్బునీరు నిండి, దానిపై నురుగు బుడగలు తేలుచు, ఒక్కొక్క బుడగలో మా పెరటి ఎండ ఒక్కొక్కటి మండుచుండెడిది. నూట ఇరువది లీటర్ల దినవ్యయము ముప్పదికి దిగినది. ఆ ముప్పదియు కరివేపచెట్టు త్రాగినది.

ఇట్లుండ మా దూరపు బంధువొకడు వాట్సాపులో ఒక మహోపన్యాసము పంపెను. మన పూర్వులు గడప ముందర నీళ్ళతొట్టి యుంచి, కాళ్ళు చేతులు కడిగికొని గాని లోపలికి రాకుండుటను బట్టి, వారికి వేలయేండ్ల క్రిందటనే సూక్ష్మజీవశాస్త్రము కరతలామలకమని దాని తాత్పర్యము. స్వజాతి గర్వముతో నా కంఠము గద్గదమగుచుండగా, దానిని మా అమ్మకు చదివి వినిపించితిని. ఆమె, "మేము కాళ్ళు కడుక్కుంటాంటిమంటే దుమ్ముకురా. చేన్నించి వస్తే మోకాళ్ళదాకా ఎర్రమన్ను. శాస్త్రం మాకేం తెల్సు?" అని ఒక్క ముక్కలో ఆ శాస్త్రమునకు ఉద్వాసన చెప్పెను.

దినములు గడచినవి. మార్చి 28 మొదలుకొని దూరదర్శనమువారు 1987 నాటి రామాయణమును మరల చూపుచుండగా, హిందీ ముక్కయు రాని మా అమ్మ ఉదయము రాత్రి టీవీ ముందు కూర్చుండి, రాముడేమనుచున్నాడో మాకందరకు తెలుగులో తెలియజెప్పెడిది. ఆమె చెప్పినది తెరమీదిదానికన్న మెరుగుగా నుండెడిది. ఏప్రిలు 5న రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషములపాటు దీపములు పెట్టుడనిరి. నేను ప్రమిదలు వరుసలు తీర్చి శెనగనూనె పోయబోగా, తిరగమాతకు దాచిన నూనె అదియేయని వంటింటినుండి ఆక్షేపణ వచ్చెను. వేరుశెనగకు పుట్టినిల్లనిపించుకొన్న జిల్లాలో ఒక ప్రమిదకు నూనె వెదకుకొనుట చూచి నవ్వుకొని, ఆ రాత్రి ఒక్క దీపముతో సరిపెట్టితిమి.

వార్తాపత్రికను పట్టుకొన్న రోగమంటునను పుకారు కూడ ఆ దినములలోనే పుట్టినది. మా యింట దానికి విధించిన ప్రాయశ్చిత్తము సూర్యస్నానము. మిద్దెమీద పాతచీర పరచి మా అమ్మ వడియాలు పెట్టగా, వాటి ప్రక్కనే నాటి పత్రికను రెండు గంటలు ఎండబెట్టి, పెళపెళలాడునట్లయిన పిదప నా చేతికిచ్చెడివారు. నేను పత్రికకు వ్రాయు కాలము అచ్చయిన పుట మిరపవడియము వాసనతో వచ్చినది ఆ యేడే. అంతకుముందు నా రచనలలో కారము చాలదని విమర్శించిన మిత్రుడు అది చూచి సంతృప్తి చెందెను.

మా కుమారుని తపస్సు వేఱు. అతని పరీక్షలు మార్చినుండి వాయిదాపడుచు, పదునొకండు పత్రములు ఆరింటికి తగ్గి, జూలైకి జరిగి, తుదకు జూన్ 20న రద్దయినవి. కోరి తపస్సు చేసిన ఋషులకు కూడ వరములు ఇంత క్రమముగా, వాయిదాలమీద, పెరుగుచు లభించియుండవు. ఫలితము తెలిసిన వెంటనే వాడు పోయి చేతులు కడుగుకొని వచ్చెను. ఏలరా యని యడుగగా, "పుస్తకాలతో పని అయిపోయింది నాయనా" అనెను.

ఏప్రిలు నడుమ నార్పల ప్రక్కనుండి మా బావమరిది, అనుమతిపత్రము చేతబట్టుకొని, మోటారు సైకిలుమీద రెండు గోనెసంచుల చీనీకాయలు తెచ్చెను. అమ్మజూపుటకు కాదు, పారవేయుటకు మనసొప్పక. ఉత్తరదేశపు మండీలకు పోవలసిన లారీలు నిలిచినవి, కొనువాడు లేడు, కోతకూలి మీదపడును. "మూడేండ్లనాడు బోరు ఎండిపోతే చెట్టు చావకూడదని ట్యాంకరు నీళ్ళు కొని పోస్తిమి బావా. అప్పుడు చెట్టుకు నీళ్ళు లేవు, ఇప్పుడు కాయకు బేరం లేదు" అని చెప్పి, గడప బయటనే నిలిచి, దోసిటిలో మజ్జిగ పోయించుకొని త్రాగి వెడలిపోయెను. ఆ నెలంతయు మేము చీనీరసము త్రాగితిమి. ఒక్కొక్క కాయలోను ట్యాంకరు డీజిలు ఖర్చు ఎంత యున్నదో తమ్ముడు లెక్కకట్టబోగా, నా భార్య ల్యాపుటాపు మూయించెను. ఆ తరువాత, సెప్టెంబరు 9న, దక్షిణాదిలోనే మొదటి కిసాను రైలు అనంతపురమునుండి ఢిల్లీకి పండ్లతో బయలుదేరినది. మనుష్యులకింకను రైళ్ళు సరిగా లేని దినములలో కాయలు దర్జాగా పోయినందుకు మేము సంతోషించితిమి. మా బావమరిది తోటలోని ఆ కాపు మాత్రము అప్పటికే మన్నులో కలిసినది.

మే 4న ఇంకొక విశేషము. నలువది దినముల ఉపవాసానంతరము మద్యపు దుకాణములు తెరచిరి. ధరలు రెండు దినములలో 75 శాతము పెంచిరి. త్రాగువారిని నిరుత్సాహపరచుటకని ప్రభుత్వమువారు సెలవిచ్చిరి. నిరుత్సాహపడినవారి వరుస మా వీథి మలుపువరకు వచ్చినది. సున్నముతో గీసిన వలయములలో ఒక్కొక్కడు ఒక్కొక్క యోగివలె నిలిచి, మండుటెండను, దూరనియమమును, పెరిగిన ధరను సమదృష్టితో సహించుచుండగా, స్థితప్రజ్ఞుని లక్షణములు నాకు మొదటిసారి ప్రత్యక్షముగా బోధపడినవి. మా అమ్మ కిటికీనుండి చాలసేపు చూచెను. 1952 కరువునాడు ఆమెకు పదేండ్లు. "గంజికేంద్రం కాడ మేమూ ఇట్లే చెంబు పట్టుకోని నిలబడితిమి. ఆ వరసలో ఎవురూ నవ్వుతాండ్లేదు. ఇది చూడు, పెండ్లి మాదిరుంది" అనెను. ఆపై ఏమియు ననలేదు. ధాత సంవత్సరపు కరువును తన అవ్వ చెప్పగా విన్న మనిషి ఆమె; ఆ పేరు మా ప్రాంతమున నూటనలువదేండ్లయినను మాయలేదు. శార్వరి పేరును మనుమల మనుమలు తలచుకొందురా యని నేనడుగగా, "ఎవురింట్లో మనిషి పోయింటే వాళ్ళు తలచుకుంటారు" అనెను.

ఆ మాట వేళాకోళమునకు లొంగునది కాదు. మొదటి దినములలో హిందూపురమునుండి వచ్చిన సంఖ్యలను మేము క్రికెట్టు స్కోరువలె వినియుంటిమి. శ్రావణము వచ్చునప్పటికి ఆ సంఖ్యలు మా వీథిలోని పేర్లయినవి. నాలుగిండ్ల యవతల ప్రతి ఉగాదికి మాకు ఓళిగలు పంపు ఇల్లాలు పోయినది. నలుగురు మోయువారు కూడ లేక పోయినది. అంతకన్న ఆ సంగతి విస్తరింపను.

రోహిణికార్తెలో రోళ్ళు పగులుననుట సామెత. ఆ కార్తెలోనే, మే 31తో, మొదటి తాళములు సడలినవి. తమ్ముడు బెంగుళూరు పోయెను. తరువాత ప్లవ వచ్చెను. ప్లవమనగా తెప్ప, కరువుసీమకు తెప్పయేలయని నేనొక కాలములో వేళాకోళమాడితిని. ఆ యేటి నవంబరులో చిత్రావతి పొంగి, వరదలో చిక్కిన మనుష్యులను హెలికాప్టరుతో పైకి తీయవలసి వచ్చెను. అప్పటినుండి సంవత్సర నామములతో నేను పరిహాసములు మానుకొంటిని.

నాటి పరిశుభ్రతా సంఘము ఎప్పుడు రద్దయినదో ఎవరికిని గుర్తులేదు. గోడమీది ఇరువది సెకండ్ల పటము ఎండకు వెలిసి ఊడిపోయినది. నేను సెకండ్లు లెక్కించితిని. ఆమె బిందెలు లెక్కించినది. మా యిల్లు నిలిచినది బిందెల లెక్కమీద. పగిలిన నీలిబేసిను నేటికిని కొళాయి క్రిందనే యున్నది. ఎవరును పొమ్మనలేదు గనుక అది పోలేదు. ఆ వేసవిలో మోకాలియెత్తున నున్న కరివేపచెట్టు నేడు మిద్దెగోడను దాటినది. వీథిలో ఎవరింట తిరగమాత పెట్టినను రెమ్మ మా యింటిదే. దానికి నీరు పోయుట మాత్రము నా వంతుకు వచ్చినది.

ఈ కాలమును ముగించుచు ఒక గంభీరమైన హితవు చెప్పవలెనని నిన్నటినుండి ఆలోచించుచుంటిని. తెల్లవారుజామున నాలుగు గంటలయినది. బయట బుస్సుమని గాలి చప్పుడయినది, ఈమారు నాకును వినబడినది. పాఠకులు మన్నింతురుగాక. కొళాయి వచ్చినది.